ఊఁ కొట్టే పేషెంటు

పొద్దున్నే షాపు తలుపు తీసి, నేల ఊడ్చి, బట్టలు కత్తిరించే బల్ల తుడిచాక, మిషను మీద కప్పిన గుడ్డ ఇంకా తియ్యకముందే టైలరమ్మ నేలమీద పడుకుంటుంది. నడుం వాల్చడం కాదు, అచ్చంగా పడుకోవడమే. బల్లకీ మిషనుకీ మధ్య సందులో, కింద చాపైనా లేకుండా, వెల్లకిలా, కళ్ళు మూసుకుని, చేతులు పక్కలకి వదిలేసి. ఆ సమయంలో ఎవరైనా వచ్చి ఆవిడ చెయ్యి పైకెత్తి వదిలితే అది తడిబట్టలా దబ్బున కింద పడాలి. ఎవరేమడిగినా గొంతులోంచి చప్పుడు రాకూడదు. ఇవి ఆవిడ తనకి తాను పెట్టుకున్న నియమాలు.

ఎప్పుడూ వచ్చేవాళ్ళకి ఇది మామూలే. గుమ్మంలోంచి తొంగిచూసి, "జిప్పు మార్చాలండీ, బల్లమీద పెట్టి వెళ్తున్నా, తీరిగ్గా లేవండి" అనేసి పోతారు. చిక్కంతా కొత్తవాళ్ళతోనే. పక్కవీధిలోకి కొత్తగా దిగిన ఒకావిడ ప్యాంటు పొట్టి చేయించుకుందామని వచ్చి, నేలమీద మనిషిని చూసి కెవ్వున కేకపెట్టింది. టైలరమ్మ కళ్ళు తెరవకుండానే, నియమం తప్పి, "కంగారు పడకండమ్మా, ప్రాక్టీసు" అంది. పడుకున్న మనిషి మాట్లాడేసరికి ఆవిడ రెండో కేక ఇంకా గట్టిగా పెట్టింది.

పైఅంతస్తులోంచి మరదలి గొంతు వినబడింది. "వదినా! మళ్ళీ ఎవర్నో జడిపించావా?"

ఇదంతా పిట్ట వల్ల వచ్చింది.

టైలరమ్మ షాపు మెట్ల కింద ఉంది. నిలబడితే తల తగిలేచోట దారపు ఉండల అర, కూర్చుంటే సరిపోయేచోట మిషను, వెనకాల ఒక గది. ఆ గదే ఇల్లు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "నా కొలతలు తీసుకున్నవాడు మళ్ళీ రాలేదు" అని నవ్వేస్తుంది. పైన తమ్ముడు, మరదలు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లే పిట్ట. ముద్దుపేరుకి తగ్గట్టే ఉంటుంది, కానీ కూత మాత్రం లేదు. నలుగురిలో ఏమన్నా చెప్పాలంటే గడ్డం కాలర్లో దూర్చుకుని, ఆ కాలరుకే చెప్పుకున్నట్టు చెప్తుంది. అవతలివాళ్ళు వెంటనే బదులివ్వకపోతే అక్కడితో ఆ మాట చచ్చిపోయినట్టే. మళ్ళీ నోరు విప్పదు.

"దీన్ని ఎక్కడైనా పదిమందిలో పడెయ్యాలి అక్కా" అని తమ్ముడు గొణుగుతూ, ఆదివారం మధ్యాహ్నాలు స్కూలు హాల్లో జరిగే పిల్లల దళంలో చేర్పించాడు. అగ్నిమాపక బండి నడిపి రిటైరైన మాస్టారు ఒకాయన ఆ దళాన్ని నడుపుతున్నాడు. తెగిన వేలికి కట్టు కట్టడం, కాలినచోట నీళ్ళు ధారగా పొయ్యడం, ఊడిపోని ముడి వెయ్యడం, గ్యాసు వాసనొస్తే ఏం ముట్టుకోకూడదో తెలుసుకోవడం, దారి తప్పితే ఎవర్ని అడగాలో తేల్చుకోవడం, ఇవీ అక్కడి చదువులు. గుండీ కుట్టుకోవడం కూడా నేర్పాలని మాస్టారు అనుకోవడంతో టైలరమ్మకి కబురొచ్చింది.

గుండీల పాఠం బ్రహ్మాండంగా నడిచింది. ఒక కుర్రాడు చొక్కా గుండీని చొక్కాకీ, వేసుకున్న నిక్కరుకీ కలిపి కుట్టేసుకుని, నిలబడమంటే నిలబడలేక వంగి దణ్ణం పెడుతున్నట్టు ఉండిపోయాడు. టైలరమ్మ వాడికి దారం కత్తిరించి విముక్తి కలిగిస్తుండగా మాస్టారు తల్లిదండ్రుల వైపు తిరిగి ఒక మాట అడిగాడు.

"ఎవరైనా ఓ పెద్దమనిషి కింద పడుకోవాలండీ. పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు నేర్చుకుంటే కితకితలే తప్ప పాఠం సాగట్లేదు. పైగా పెద్దవాళ్ళ ఒళ్ళు వేరు, బరువు వేరు."

తల్లిదండ్రులందరూ ఒక్కసారిగా తమ బట్టలవంక చూసుకున్నారు. ఇస్త్రీ నలగనివ్వడం ఎవరికీ ఇష్టం లేదు. ఇస్త్రీ సంగతి తనకంటే తెలిసినవాళ్ళు లేరు కదా అనుకుని టైలరమ్మ చాపమీదికి నడిచింది.

కళ్ళు మూసుకుందో లేదో ఎవడో చీలమండ పట్టుకుని లాగాడు. ఆవిడ కాలు దానంతటదే ఎగిరి వాడి పొట్టలో తన్నింది.

"ఒరేయ్! చెప్పి ముట్టుకోరా. నేనేమన్నా గుడ్డముక్కనా?"

అది ఆవిడ పనిలో మొదటి సూత్రం. టేపు వేసేముందు చెప్తుంది. "చెయ్యి కాస్త ఎత్తండమ్మా, భుజం చూస్తున్నా. ఇప్పుడు నడుం." చెప్పి వేస్తే ఒళ్ళు వదులవుతుంది, కొలత సరిగ్గా వస్తుంది. చెప్పకుండా వేస్తే మనిషి బిగుసుకుపోతుంది, కుట్టింది ఎక్కడో పట్టేస్తుంది. మాస్టారు ఒక్క క్షణం గడ్డం నిమురుకుని, "విన్నార్రా? చెప్పి ముట్టుకోవాలి" అని పిల్లలందరిచేతా అనిపించాడు. అప్పట్నుంచి ఆ హాల్లో అది శాసనం.

ఆరోజే ఇంకొకటి జరిగింది. స్పృహ తప్పిన మనిషిని పక్కకి తిప్పే పాఠంలో పిట్ట వంతు వచ్చింది. "అత్తయ్యా, నీ చెయ్యి చాపుతున్నా" అంది కాలర్లోకి. స్పృహ తప్పినావిడ కదా, టైలరమ్మ పలకలేదు. మళ్ళీ మాట రాలేదు. చెయ్యి మీద పెట్టిన చిన్న వేళ్ళు చల్లబడ్డాయి. కాసేపటికి టైలరమ్మ చెంపమీద వెచ్చగా ఒక చుక్క పడింది.

"ఊఁ" అంది టైలరమ్మ, కళ్ళు తెరవకుండా.

వెంటనే ఆ వేళ్ళలో ప్రాణం వచ్చింది. "అటు చెయ్యి నీ చెంప కింద పెడుతున్నా." "ఊఁ." "మోకాలు మడుస్తున్నా." "ఊఁ." పాఠం చివరిదాకా సాగిపోయింది.

మాస్టారు తల గోక్కున్నాడు. "స్పృహ లేనివాళ్ళు ఊఁ అనరమ్మా."

"నేనంటానండీ. పిల్లలు బెదిరిపోతున్నారు."

అలా ఆవిడ ఊఁ కొట్టే పేషెంటు అయింది. పిట్టని చూసి పిల్లలందరూ ఆవిణ్ణి అత్తయ్యా అనడం మొదలెట్టారు.

ఎన్నో ఆదివారాలు గడిచాయి. కళ్ళు మూసుకుని పడుకున్న టైలరమ్మకి ఒక కొత్త లోకం తెలిసొచ్చింది. ఊరివాళ్ళందరి ఒంటిమీదా టేపు వేసిన మనిషే కానీ, ఆవిడ ఒంటిని ఎవరూ అంత మర్యాదగా ముట్టుకోలేదు. అరచేతుల్నిబట్టి పిల్లల్ని గుర్తుపట్టేది. గోళ్ళు కొరుక్కునేవాడి వేళ్ళు మొద్దుగా, గరుగ్గా తగిలేవి. నిచ్చెన అని పిలిచే పొడుగుపిల్ల చేతులు ఎక్కడో పైనుంచి దిగినట్టు ఆలస్యంగా వచ్చేవి. పిట్టవి మొదట చల్లగా ఉండి, ఊఁ అన్నాక వెచ్చబడేవి.

ఒకరోజు దుప్పటిమీద మనిషిని మోసుకెళ్ళే పాఠం. "ఈ ఒంటిని ఎత్తాలంటే మీ అగ్నిమాపకం వాళ్ళ క్రేను తెప్పించండి మాస్టారూ" అని టైలరమ్మ హాస్యమాడింది. పిల్లలు దుప్పటి అంచులు చుట్టచుట్టి, పిడికిళ్ళు బిగించి చుట్టూ మోకాళ్ళమీద కూర్చున్నారు. "అత్తయ్యా, ఎత్తుతున్నాం." "ఊఁ" అంది కానీ నమ్మలేదు. వీపు కింద నేల మెల్లగా జారిపోయింది. బుద్ధెరిగాక ఆవిణ్ణి ఎత్తినవాళ్ళు లేరు. రెప్పల సందులోంచి చూస్తే హాలు కప్పు కదులుతోంది, ట్యూబులైటు ఒకటి నెమ్మదిగా పాదాలవైపు వెళ్ళిపోతోంది. చుట్టూ ఊడిన పళ్ళ సందుల్లోంచి ఈలలా వస్తున్న ఊపిరి. ఒక్కొక్కళ్ళు తన చెయ్యంత లేరు! దింపేటప్పుడు కూడా చెప్పే దింపారు. వీపు నేలకి ఆనినట్టే తెలియలేదు. ఆ సాయంత్రం మరదలు ఏదో అడిగితే టైలరమ్మ, "నన్ను ఎత్తేశారే!" అని తప్ప మరోమాట చెప్పలేకపోయింది.

తర్వాత బొమ్మ వచ్చింది.

గుండె ఆగిన మనిషి ఛాతీమీద నొక్కి కాపాడటం నేర్చుకోవాలంటే బొమ్మ ఉండి తీరాలి. ఉత్తుత్తికి కూడా బతికున్న మనిషి గుండె నొక్కకూడదు. ఆ సంగతి మాస్టారు ముందే చెప్పాడు. రబ్బరు తల, రబ్బరు ఛాతీ, నడుం దగ్గర ఆగిపోయిన మనిషి. పిల్లలు వాణ్ణి పెట్టెలోంచి తియ్యగానే బారసాల కూడా చేసేశారు. "అత్తయ్యకి మావయ్యొచ్చాడోయ్!"

ఇంటికి కబురు తెలిసి మరదలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఇన్నాళ్ళకి కుదిరిందా వదినా? కాళ్ళు లేవు కాబట్టి ఇల్లు వదిలిపోడు. చేతుల్లేవు కాబట్టి చెయ్యెత్తడు. నోరున్నా మాట్లాడడు. మీ తమ్ముడికంటే వెయ్యిరెట్లు నయం."

"ఒంటిమీద చొక్కా కూడా లేదే పాపం" అంది టైలరమ్మ. ఆ వారమే నీలం గుడ్డతో, ముందువైపు టక్కున విడిపోయేలా టిచ్ బటన్లు పెట్టి, మావయ్యకి చొక్కా కుట్టి తొడిగింది.

నవ్వింది, కుట్టింది, కానీ లోపల ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది. ఊళ్ళోని దళాలన్నిటికీ పోటీ పెట్టారు. పోటీలో పేషెంటు ఏ దళానికి ఆ దళం తెచ్చుకునే బొమ్మే. అందుకని ఆదివారాలన్నీ మావయ్యకే పోయాయి. చాపమీద ఆయన, గోడవారన ఆవిడ. కట్లగుడ్డల అంచులు మడిచి కుట్టుకుంటూ కూర్చునేది. ఇంక తనతో పనేముంది? బొమ్మకి నడుంనొప్పి రాదు, తన్నదు, హాస్యాలాడదు. ఈ పోటీ అయ్యాక రావొద్దని చెప్పలేక మాస్టారు ఇబ్బంది పడతాడేమో, తనే ముందుగా మానేస్తే మర్యాదగా ఉంటుందేమో అని సూది దింపినప్పుడల్లా అనుకునేది.

బొమ్మ వచ్చిన మొదటిరోజే పిట్ట దాని పక్కన మోకాళ్ళమీద కూర్చుని, "మావయ్యా, వినిపిస్తోందా?" అని అడిగి, ఆగింది. బొమ్మ పలకలేదు. పిట్ట తలెత్తి గోడవైపు చూసింది.

"ఊఁ" అంది టైలరమ్మ, బొమ్మ తరఫున.

హాలంతా గొల్లుమంది. పిట్ట కూడా నవ్వి, మిగతా పని చకచకా చేసేసింది. ఆపైన అదే ఆనవాయితీ అయింది. పిల్లలు అడగడం, మావయ్య ఊరుకోవడం, గోడవారనుంచి అత్తయ్య ఊఁ కొట్టడం. మాస్టారు అవతలి మూల చిన్నపిల్లలకి ముడులు నేర్పుతూ దీన్ని వేళాకోళమనే అనుకున్నాడు. నిజానికి అందరూ అలాగే అనుకున్నారు.

పోటీ పెద్ద హాల్లో జరిగింది. చూసేవాళ్ళని తాడు కట్టి దూరంగా కూర్చోబెట్టారు. ఎవరు చప్పుడు చేసినా వాళ్ళ దళానికే నష్టమని ముందే హెచ్చరించారు. న్యాయనిర్ణేతగా వచ్చిన నర్సమ్మ గంట మోగించగానే పిట్ట, నిచ్చెన, ఇంకో ఇద్దరు మిగిలిన దళాలతోపాటే తమ బొమ్మ దగ్గరికి పరిగెత్తారు.

వాళ్ళు పనిచేస్తుండగా టైలరమ్మ తేరిపార చూడటం అదే మొదటిసారి. చాపమీద ఉన్నన్నాళ్ళూ కళ్ళు మూసుకునే ఉంది, బొమ్మ వచ్చాక చూపంతా సూదిమీదే! కూర్చున్న చోటే నిటారుగా అయిపోయింది. నలుగురి మోకాళ్ళూ ఒకేసారి నేలకి ఆనాయి. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళకి అడ్డం రావడం లేదు. ఇంట్లో గ్లాసు కడగమంటే పగలగొట్టే వేళ్ళేనా ఇవి? ఆ మొహాల్లో పిల్లతనం లేదు, పెద్దతనమూ లేదు. ఎదుటి మనిషి తప్ప ఇంకేమీ పట్టని ధ్యాస ఉంది. ఆ ధ్యాస ఇన్నాళ్ళూ తనమీదే ఉండేదా అనుకుంది.

"మావయ్యా, వినిపిస్తోందా?" అంది పిట్ట.

ఆగింది.

టైలరమ్మ గొంతులో ఊఁ ఎక్కిళ్ళలా పైకి తన్నుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిట్ట తలెత్తి, తాడు అవతలి గుంపులో అత్తయ్య కోసం వెతుకుతోంది. "భుజం తడుతున్నాం మావయ్యా" అంది నిచ్చెన. మళ్ళీ ఆగారు. "గడ్డం ఎత్తుతున్నాం." మళ్ళీ. నలుగురూ ఊఁ కోసం ఎదురుచూస్తున్నారు, అలా ఎదురుచూస్తున్నామన్న సంగతి వాళ్ళకే తెలియకుండా. టిచ్ బటన్లు టపటపా విడిపోయి నిచ్చెన చేతులు ఛాతీమీద పడేసరికి మిగిలిన దళాలు సగం పని ముగించాయి. కాసేపటికే గంట మోగింది. వీళ్ళది ఆఖరి స్థానం.

నర్సమ్మ మెత్తగానే అడిగింది. "అంతా బాగా వచ్చుగా మీకు? ప్రతిదానికీ ఎందుకాగారమ్మా?"

"ఆయన ఊఁ అనలేదండీ" అంది పిట్ట, కాలర్లోకి.

హాల్లో నవ్వులు లేచాయి. నర్సమ్మ నవ్వలేదు. "ఊఁ అనలేనివాళ్ళ కోసమే కదా తల్లీ మీరు పరిగెత్తాల్సింది" అని బుగ్గ తట్టి, పక్క దళం దగ్గరికి నడిచింది.

తిరుగు దారిలో బస్సులో పిల్లలు కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. టైలరమ్మ మాస్టారి వెనకసీటులో కూర్చుని, ముందుకి వంగింది.

"పాడు చేసింది నేనేనండీ."

"అయ్యో, అలా అనుకోకండమ్మా. బొమ్మతో ఇంకొంచెం ప్రాక్టీసు చేయిస్తే అదే సర్దుకుంటుంది."

మానేస్తానని చెప్పడానికి అదే సమయం. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పక్కవరసలో పిట్ట గడ్డం కాలర్లో దూర్చుకుని కూర్చున్న తీరు చూశాక ఇంకోమాట బయటికొచ్చింది.

"బొమ్మతో సర్దుకోదు మాస్టారూ. బొమ్మ పలకదని వాళ్ళకి ముందే తెలుసు. నేనైతే పలుకుతానని తెలుసు. పలికే మనిషి పలకనప్పుడు ఆగకుండా ఉండటం నామీదే నేర్చుకోవాలి. నన్ను మళ్ళీ పడుకోనివ్వండి. ఈసారి ఊఁ అనను."

మాస్టారు వెనక్కి తిరిగాడు. "అనకుండా ఉండగలరా?"

"అదెంత పని!"

అదెంత పనో మరుసటి ఆదివారం తెలిసింది. "అత్తయ్యా, వినిపిస్తోందా?" అని పిట్ట అడగ్గానే "ఊఁ... అయ్యో!" అంది టైలరమ్మ. రెండోసారీ అంతే. మూడోసారి ఊఁ అనలేదు కానీ పట్టలేక నవ్వింది. పిల్లలు చాపమీద పడి దొర్లారు. "అత్తయ్యకే రావట్లేదు, ఇంక మాకేం వస్తుంది!" అంది నిచ్చెన. చెయ్యెత్తి వదిలితే చెయ్యి గాల్లోనే నిలబడిపోతోంది. ఇన్నేళ్ళూ సూది పట్టుకున్న చెయ్యి, వదిలెయ్యడం దానికి తెలియదు. ఆ మర్నాటి పొద్దున మొదలైంది షాపులో నేలమీద పడుకునే అలవాటు. మరదలు మెట్లు దిగి చూసి, "కుట్టడం నేర్చుకున్నావు, కత్తిరించడం నేర్చుకున్నావు, ఇప్పుడు పడి ఉండటం కూడానా?" అంది. టైలరమ్మ పలకలేదు. "వదినా?" పలకలేదు. "వదినా! ఏమైంది వదినా!" అని మరదలు కంగారుగా కూర్చుని భుజం పట్టుకునేసరికి, ఒక కన్ను తెరిచి, "వచ్చేసింది!" అంది.

ఆ వచ్చే ఆదివారం హాల్లో పిల్లలందరూ చాప చుట్టూ చేరారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పిట్ట పక్కన కూర్చున్న సంగతి టైలరమ్మకి కాళ్ళ చప్పుడునిబట్టి తెలిసింది.

"అత్తయ్యా, వినిపిస్తోందా?"

టైలరమ్మ ఒళ్ళంతా వదిలేసింది. దవడ కూడా. పళ్ళు బిగించి ఆపుకోవడానికి లేదు. ఊఁ వచ్చి గొంతులో నిలబడింది. చిన్న వేళ్ళు భుజం తట్టాయి. చల్లగా ఉన్నాయి. చెంపమీద వెచ్చటి గాలి తగిలింది. పిల్ల వంగి ఊపిరి చూస్తోంది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆగిపోయింది, మళ్ళీ ఆగిపోయింది అనుకుంది టైలరమ్మ. ఈ పిల్లని బెదరగొట్టి ఏం సాధిస్తున్నాను? ఒక్క ఊఁ అంటే పోయేదేముంది?

"ఊపిరుంది" అంది పిట్ట. కాలర్లోకి కాదు. హాలు చివరిదాకా వినబడింది. "నిచ్చెనా, నువ్వు ఫోను చెయ్యి. అత్తయ్యా, నీ చెయ్యి పక్కకి చాపుతున్నా."

ఆగలేదు.

"ఇప్పుడు అటు చెయ్యి తెచ్చి చెంప కింద పెడుతున్నా. అటు మోకాలు మడుస్తున్నా. నావైపు తిప్పుతున్నా, పడిపోవులే, పట్టుకున్నా." లోకమంతా నిమ్మళంగా ఒక పక్కకి ఒరిగింది. టైలరమ్మ బరువంతా ఆ పిడికెడంత రెండు చేతుల్లోంచి చాపమీదికి దిగింది. పని అయిపోయింది. అయినా గొంతు ఆగలేదు. "ఫోను చేశారు అత్తయ్యా, బండి వస్తోంది. నేనిక్కడే ఉన్నా. నువ్వేం చెప్పక్కర్లేదు. నేనే చెప్తూ ఉంటా."

ఆ చివరి మాటలు మాస్టారు నేర్పినవి కావు. తను నేర్పినవీ కావు. జవాబు రాకపోతే మాటే చచ్చిపోయే పిల్ల, జవాబు రాని చీకట్లోకి ఒక్కొక్క మాటా వదులుతోంది, చెయ్యి పట్టుకుని దారి చూపిస్తున్నట్టు. ఎక్కణ్ణుంచి వచ్చింది ఇది? ఇంత చిన్న ఒంట్లో ఇదెక్కడ దాక్కుంది ఇన్నాళ్ళూ? టైలరమ్మకి దుప్పటిమీద గాల్లోకి లేచిన రోజు గుర్తొచ్చింది. ఆరోజు ఒళ్ళు లేచింది. ఇప్పుడు లేచిందేమిటో ఆవిడకి తెలియలేదు. మూసిన రెప్పల కిందనుంచి ఒక చుక్క జారి, ముక్కు మీదుగా చెంప కింద ఉన్న చేతిమీద పడింది.

"మాస్టారూ, స్పృహ లేనివాళ్ళు ఏడవొచ్చా?" అని ఎవడో గుసగుసగా అడిగాడు.

"నోరుమూసుకుని చూడరా" అన్నాడు మాస్టారు.

పిట్ట చేతులు అప్పటికి వెచ్చగా ఉన్నాయి. ఎవరూ ఊఁ అనకుండానే.

మావయ్య ఇప్పటికీ నీలం చొక్కాతో హాల్లో అలమార పైన ఉంటాడు. చాపమీద ఆయన వంతు అయ్యాక ఆవిడ వంతు. దళంలో చేరే చిన్నపిల్లలకి మొదటి నెల్లాళ్ళూ టైలరమ్మ ఊఁ కొడుతుంది, ఆ తర్వాత మానేస్తుంది. మెట్ల కింద షాపు ఆదివారం మధ్యాహ్నాలు తెరవదు.